ఔట్‌లుక్‌లో సెండ్ కొడితే ఫ్యాక్స్ వెళ్ళాలి: అక్క క్లినిక్‌లో నా ప్రాజెక్టు డైరీ

శనివారం

మా అక్కకి టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో చిన్న క్లినిక్ ఉంది. డాక్టరు అక్కే, ఒక నర్సు, ఫ్రంట్ డెస్క్‌లో పద్నాలుగేళ్ల నుంచి ఉన్న ఒకావిడ, ఇక బిల్లింగ్ చూసే ముగ్గురు కూకట్‌పల్లిలో కూర్చుని రాత్రి షిఫ్టు చేస్తారు. నిన్న ఫోన్ చేసి, "ఒరేయ్, రేపు ఖాళీయేనా, ఫ్యాక్స్ మిషన్ మళ్ళీ కాగితాలు నమిలేస్తోంది" అంది. రోలర్లు తుడిచి వచ్చేద్దామనుకునే వెళ్ళాను. తీరా అక్కడ పని ఎలా నడుస్తోందో చూశాక నోట మాట రాలేదు.

కూకట్‌పల్లిలో వాళ్ళు ఇన్సూరెన్స్‌కి అపీల్ లెటర్ వర్డ్‌లో టైప్ చేసి, పీడీఎఫ్ చేసి, ఫ్రంట్ డెస్క్‌కి మెయిల్ పెడతారు. ఆవిడ దాన్ని ప్రింట్ తీసి, మిషన్‌లో పెట్టి, నంబర్ నొక్కి, అది కూతలు పెడుతున్నంతసేపూ పక్కనే నిలబడి, చివర్లో ఓకే అని వచ్చిన కాగితాన్ని పిన్ను కొట్టి, స్కాన్ చేసి మళ్ళీ కూకట్‌పల్లికి మెయిల్ పెడుతుంది. రోజుకి ఇరవై, ఒక్కోరోజు ముప్పై. మధ్యలో పేషెంట్ వచ్చి నిలబడితే ఈ కాగితాల సంగతి అంతే.

ఇండియాలో ఉన్నవాళ్ళు నవ్వుకుంటారని తెలుసు, మనం ఫ్యాక్స్ మర్చిపోయి ఎన్నేళ్లయిందో. ఇక్కడ ఆస్పత్రులు, ఇన్సూరెన్స్ వాళ్ళు, ఫార్మసీలు మాత్రం ఇంకా దాని మీదే బతుకుతున్నాయి. ఒక క్లినిక్ సాఫ్ట్‌వేర్ ఇంకో క్లినిక్ సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడదు కానీ ఫ్యాక్స్ నంబర్ అందరికీ ఉంటుంది. పేషెంట్ల సమాచారం గురించి 1996లో వచ్చిన హిపా చట్టం ఉంది కదా, దాని కింద తగిన జాగ్రత్తలు తీసుకుంటే ఫ్యాక్స్ పంపుకోవచ్చు. మామూలు మెయిల్‌లో పంపాలంటే ఎన్‌క్రిప్షన్, అవతలివాళ్ళు దాన్ని తెరవగలరా లేదా, ఇదంతా ఒక పెద్ద తలనొప్పి. అందుకే అందరూ ఫ్యాక్స్ దగ్గరే ఆగిపోయారు.

మెయిల్ పెడితే దాన్ని ఫ్యాక్స్‌గా మార్చి అవతలికి పంపే ఆన్‌లైన్ సర్వీసులు నెలకింత అని డబ్బు కడితే బోలెడు ఉన్నాయి, వాళ్ళతో హిపా ఒప్పందం రాయించుకుంటే సరిపోతుంది. ఎవరైనా అడిగితే నేను చెప్పేదీ అదే, దాన్నే తీసుకోండి. అక్క కూడా అదే అడిగింది. నా అటకమీద పాత డెస్క్‌టాప్ ఒకటి, యూఎస్‌బీ ఫ్యాక్స్ మోడెం ఒకటి ఖాళీగా పడున్నాయి, ఫోన్ లైనుకి ఎలాగూ డబ్బు కడుతూనే ఉన్నావు కదా అన్నాను. అసలు కారణం నాకు చెయ్యాలనిపించింది, అంతే.

మధ్యాహ్నం మొదట, వాళ్ళంతా వాడే మైక్రోసాఫ్ట్ మెయిల్ ప్రోగ్రామ్ ఔట్‌లుక్‌లో రూల్ పెట్టి ప్రయత్నించాను. ఫలానా ఫోల్డర్‌లో మెయిల్ పడితే స్క్రిప్ట్, అంటే నేను రాసిన చిన్న ప్రోగ్రామ్, దానంతటదే నడవాలి. ఆ 'రన్ ఎ స్క్రిప్ట్' ఆప్షన్‌ని 2017 ప్రాంతంలో వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్లలో మూసేశారు, విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో మళ్ళీ తెరవచ్చు గానీ పేరులోనే 'అన్‌సేఫ్' అని ఉన్న కీ అది. పైగా ఆ కంప్యూటర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి, కొత్త ఔట్‌లుక్‌లోనైతే లోపల ఇలాంటి స్క్రిప్టులు నడిపే మాక్రోలే లేవు. అరగంటలో వదిలేశాను.

చివరికి కాగితం మీద గీసుకున్న దారి ఇది. కూకట్‌పల్లి వాళ్ళు ఔట్‌లుక్‌లో 'టు' దగ్గర ఫ్యాక్స్ నంబర్, ఆ పక్కన ఎట్ గుర్తు పెట్టి మా డొమైన్‌లో ఫ్యాక్స్ కోసం చేసిన సబ్‌డొమైన్ కొడతారు. ఆ సబ్‌డొమైన్‌కి వచ్చేవన్నీ మా మెయిల్ నడిపే మైక్రోసాఫ్ట్ 365లోని కనెక్టర్ ద్వారా క్లినిక్‌లో ఉన్న డెస్క్‌టాప్‌కి వస్తాయి. అక్కడ పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ అందుకుని హైలాఫ్యాక్స్ అనే ఫ్యాక్స్ సాఫ్ట్‌వేర్‌కి ఇస్తుంది. అది మోడెంతో డయల్ చేస్తుంది. ఔట్‌లుక్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, నాకు కావలసింది అదే.

ఆదివారం

డెస్క్‌టాప్‌లో డెబియన్ లినక్స్ ఎక్కించి హైలాఫ్యాక్స్ పెట్టాను. 1990ల మొదట్లో సిలికాన్ గ్రాఫిక్స్‌లో శామ్ లెఫ్లర్ రాసిన సాఫ్ట్‌వేర్ ఇది, టిఫ్ అనే బొమ్మ ఫైళ్ళకి ప్రపంచమంతా వాడే లిబ్‌టిఫ్ కూడా ఆయనదే. ముప్పై ఏళ్లు దాటినా ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడు అడిగే ప్రశ్నల్లో ఆ కాలం వాసన ఇంకా ఉంది. ఏరియా కోడ్ ఎంత, లాంగ్ డిస్టెన్స్‌కి ముందు ఏం కొట్టాలి, స్పీకర్ ఎంత గట్టిగా మోగాలి. స్పీకర్ ఫుల్లు పెట్టాను, ఆ మాత్రం సరదా ఉండాలి కదా.

క్లినిక్‌లో రెండు లైన్లున్నాయి. ఒకదానికి మోడెం, ఇంకోదానికి పాత మిషన్. సెలవు రోజు కాబట్టి ఎవరూ లేరు. మొదటి ఫ్యాక్స్ పక్క గదిలోకే. మోడెం డయల్ చేసింది, అటు మిషన్ రెండు రింగులు మోగి ఎత్తింది. ఇటునుంచి మూడు సెకన్లకోసారి కుయ్ మని 1100 హెర్ట్జ్ కూత, అంటే 'నేను ఫ్యాక్స్‌ని'. అటునుంచి సన్నగా, పొడుగ్గా 2100 హెర్ట్జ్ కూత, 'నేనూ ఫ్యాక్స్‌నే'. తర్వాత ఇద్దరూ బుర్రుబుర్రుమని స్పీడు గురించి బేరమాడుకున్నారు. సెకనుకి 14,400 బిట్ల దగ్గర బేరం తెగింది. నలభై సెకన్లు. పక్క గదిలో కాగితం కదిలిన చప్పుడు వినగానే లేచి పరుగెత్తాను, ఎందుకో తెలీదు, అదెక్కడికీ పారిపోదు.

కాగితం నిండా పిచ్చి గుర్తులు. టెస్ట్ మెయిల్‌లో "అక్కా, ఇది వచ్చిందా?" అని తెలుగులో రాశాను మరి. కంప్యూటర్లు అక్షరాల్ని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, మొదటిది ఎప్పుడూ ఒకటే. ఈ పాత సాఫ్ట్‌వేర్ బైటుకో అక్షరం చొప్పున చదివేసింది, అందుకని దాదాపు ప్రతి తెలుగు అక్షరానికీ నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు పడ్డాయి, లైన్ల కొద్దీ. సాయంత్రం అక్క వచ్చి చూసి, "ఏంట్రా ఇది, ఎవరి జ్వరం చార్టు?" అంది.

దాంతో ఒక నిర్ణయం అయిపోయింది. మెయిల్‌లో రాసింది ఫ్యాక్స్‌లో వెళ్ళదు. అటాచ్ చేసిన పీడీఎఫ్ మాత్రమే వెళ్తుంది, దాని ముందు కవర్ షీట్ మేమే తగిలిస్తాం.

మంగళవారం రాత్రి

కూకట్‌పల్లి టీమ్ లీడ్ వాట్సాప్‌లో: "అన్నా, సెండ్ కొట్టా. ఫ్యాక్స్‌లో మన కంపెనీ లోగో ఒక్కటే వెళ్ళింది అంట."

సిగ్నేచర్‌లో ఉన్న లోగో మెయిల్‌తో పాటు బొమ్మ ఫైలుగా వస్తుంది. నా స్క్రిప్ట్ దాన్ని కూడా అటాచ్‌మెంటే అనుకుని ఒక పేజీ నిండా పెద్దగా చేసి పంపింది. ఆ పేజీ పంపించడానికే నాలుగు నిమిషాలు పట్టింది. అసలు లెటరేమో వెళ్ళనే లేదు, ఎందుకంటే ఆ అబ్బాయి ఔట్‌లుక్ సెట్టింగ్‌లో రిచ్ టెక్స్ట్ ఫార్మాట్ ఉంది. అలా పంపితే అటాచ్‌మెంట్లన్నీ విన్‌మెయిల్.డాట్ అనే ఒక మూటలో కట్టి వస్తాయి, ఔట్‌లుక్ కానివాళ్ళకి ఆ మూట విప్పడం రాదు. ముగ్గురి చేతా హెచ్‌టీఎమ్ఎల్‌కి మార్పించాను, అయినా ఎప్పుడైనా వస్తే విప్పుకునేలా టీఎన్ఈఎఫ్ టూల్ కూడా పెట్టాను. బొమ్మల్ని పూర్తిగా పక్కన పెట్టేశాను. పీడీఎఫ్ లేని మెయిల్ వస్తే ఫ్యాక్స్ చెయ్యకుండా 'పీడీఎఫ్ కనపడలేదు' అని తిరిగి జవాబు పోతుంది.

ఇంకోటి. వాళ్ళ కాంటాక్ట్స్‌లో ఇన్సూరెన్స్ వాళ్ళ నంబర్లు బిజినెస్ ఫ్యాక్స్ అనే గడిలో ఉన్నాయి. మెయిల్ రాస్తూ పేరు కొడితే ఔట్‌లుక్ ఆ ఫ్యాక్స్ ఎంట్రీని కూడా చూపిస్తుంది, దాన్ని ఎంచుకుంటే మెయిల్ ఎక్కడికీ పోదు, బౌన్స్. ఒకప్పుడు ఔట్‌లుక్‌లోంచే ఫ్యాక్స్ పంపే ఏర్పాటు ఉన్న రోజుల తాలూకు గడి అది. అన్నీ మెయిల్ అడ్రస్ గడిలోకి మార్చాం, రెండు గంటలు పట్టింది.

ఒకే మెయిల్ ఐదు నంబర్లకి పెడితే ఒక్క దానికే వెళ్ళడం కూడా ఈ రాత్రే బయటపడింది. పోస్ట్‌ఫిక్స్‌లో ఒకసారికి ఒకే గ్రహీత అని ఒక లైన్ పెడితే సరిపోయింది.

శుక్రవారం

నల్ల పేజీల గొడవ. ఫ్రంట్ డెస్క్‌లో ఇన్సూరెన్స్ కార్డులు స్కాన్ చేసి, రిపోర్టుల్లో ముఖ్యమైన లైన్ల మీద పసుపు హైలైటర్ గీస్తారు. అవి అవతలికి చేరేసరికి హైలైట్ చేసిన చోటంతా మచ్చలు మచ్చలుగా, సరిగ్గా ఏ లైను చదవాలో అదే చదవలేకుండా పోతోంది.

ఫ్యాక్స్‌లో చుక్క ఉంటే నలుపు, లేకపోతే తెలుపు, మధ్యలో ఏమీ లేదు. ఫైన్ మోడ్‌లో అడ్డంగా 1728 చుక్కలు, మన లెటర్ సైజు కాగితానికి నిలువునా 2156 గీతలు, అంటే దాదాపు 37 లక్షల చుక్కలు. ఉన్నదున్నట్టు 14,400 స్పీడులో పంపితే పేజీకి నాలుగు నిమిషాల పైనే. మామూలు లెటర్ అరనిమిషంలో ఎలా వెళ్తోందంటే, ఇన్ని తెల్ల చుక్కలు, తర్వాత ఇన్ని నల్ల చుక్కలు అని లెక్క మాత్రమే పంపుతుంది కాబట్టి. కాగితంలో ఎక్కువ భాగం తెలుపే కదా. కానీ రంగునో ఫొటోనో చూపించడానికి, పీడీఎఫ్‌ని ఫ్యాక్స్ బొమ్మగా మార్చే ఘోస్ట్‌స్క్రిప్ట్ నల్ల చుక్కలు చల్లుతుంది, ఒకటి నలుపు ఒకటి తెలుపు ఒకటి నలుపు. ఇక లెక్కపెట్టి ఏం లాభం, ఒక్కోసారి కుదించినది అసలు కన్నా పెద్దదవుతుంది. మంగళవారం నాటి లోగో పేజీ రహస్యం కూడా ఇదే.

చుక్కలు చల్లడం ఆపేశాను. ముందు బూడిద రంగులో బొమ్మ తీసి, ముదురుకీ లేతకీ మధ్య ఒక హద్దు పెట్టి, దానికన్నా ముదురు అయితే నలుపు, లేతైతే తెలుపు. పసుపు లేత రంగు కాబట్టి తెల్లగా మారిపోయింది, కింద అక్షరాలు శుభ్రంగా బయటపడ్డాయి. ఫొటోలు మాత్రం దరిద్రంగా వస్తాయి. ఎక్స్‌రే ఫ్యాక్స్‌లో పంపాలనుకునే డాక్టర్ ఎవరూ లేరని అక్క హామీ ఇచ్చింది.

రెండో వారం, బుధవారం

చిన్నవి వెళ్తున్నాయి. పది పేజీలు దాటితే ఆరో పేజీ దగ్గరో ఏడో పేజీ దగ్గరో ఊడిపోతున్నాయి, మళ్ళీ మొదటి నుంచి, మళ్ళీ ఏడో పేజీ. మూడు రోజులు మోడెంని తిట్టుకున్నాను. ఇవాళ ఆ ఫోన్ తీగ పట్టుకుని గోడ వెంట వెళ్తే అది స్టోర్ రూమ్‌లో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి పోయింది, డబ్బా నుంచి ఇంటర్నెట్ కేబుల్. ఫోన్ కంపెనీ ఎప్పుడో రాగి లైన్ తీసేసి ఇంటర్నెట్ ఫోన్ పెట్టేసిందట. అక్కకి తెలీదు. నెలనెలా బిల్లు మీద మాత్రం ఫ్యాక్స్ లైన్ అనే రాస్తున్నారు.

ఇంటర్నెట్ ఫోన్‌లో గొంతుని చిన్నచిన్న ముక్కలు చేసి పంపుతారు. సెకనులో యాభయ్యో వంతు ముక్క ఒకటి దారిలో పోతే మన చెవికి తెలియనే తెలియదు, తెలిసినా "ఆఁ? ఏమన్నావు?" అని అడుగుతాం. మోడెంకి అది మధ్యలో వరస తప్పినట్టే. అయితే ఫ్యాక్స్‌కి కూడా 'ఏమన్నావు' అని అడిగే పద్ధతి ఒకటుంది, దాని పేరు ఈసీఎమ్. పేజీని ముక్కలుగా పంపి, పాడైన ముక్కల నంబర్లు అవతలివాడు చెబితే అవే మళ్ళీ పంపుతారు. నా కాన్ఫిగ్‌లో అది ఆఫ్‌లో ఉంది, ఎప్పుడో ఏదో టెస్ట్ కోసం నేనే తీసి మర్చిపోయాను. ఆన్ చేశాను. స్పీడు 9600కి దించాను. ఫోన్ కంపెనీకి ఫోన్ చేసి, నలభై నిమిషాలు సంగీతం విన్నాక దొరికిన మనిషిని టీ.38, అంటే ఇంటర్నెట్ ఫోన్ మీద ఫ్యాక్స్ పంపే పద్ధతి, ఆన్ చెయ్యమని అడిగాను. "సార్, అదేంటి?" అన్నాడు. డబ్బా సెట్టింగుల్లో వెతికితే ఉంది, నేనే ఆన్ చేశాను.

పద్నాలుగు పేజీల అపీల్ ఒకటి తొలి ప్రయత్నంలోనే వెళ్ళింది. నెమ్మదిగా వెళ్ళింది, పదిహేను నిమిషాలు. వెళ్ళనీ.

మూడో వారం, సోమవారం

ఇవాళ అక్కతో తిట్లు తిన్నాను, న్యాయంగానే తిన్నాను.

కూకట్‌పల్లిలో ఒకబ్బాయి శనివారం పగలు వచ్చి పెండింగ్ పని క్లియర్ చేశాడు. ఒక నంబర్‌లో రెండంకెలు తారుమారు కొట్టాడు. వాళ్ళకి పగలు 11 గంటలంటే మనకి అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. ఆ నంబర్ ఎవరిదో ఇంటిది. ఒక పెద్దావిడ నిద్రలేచి ఫోన్ ఎత్తితే కుయ్, మూడు సెకన్లు నిశ్శబ్దం, కుయ్. పెట్టేసింది. నా హైలాఫ్యాక్స్ బుద్ధిమంతుడిలా కొంచెం ఆగి మళ్ళీ చేసింది, తర్వాత మళ్ళీ. మూడు ప్రయత్నాల తర్వాత మానుకుంది, కాన్ఫిగ్ ప్రకారం. సోమవారం పొద్దున క్లినిక్ వాయిస్‌మెయిల్‌లో ఆవిడ గొంతు ఉంది. కోపంగా లేదు, భయపడిపోయి ఉంది. ఎవరికో ఏదో అయ్యి ఫోన్ చేస్తున్నారేమో, మాట్లాడలేకపోతున్నారేమో అనుకుందట.

అక్క ఆవిడకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పి, తర్వాత నాకు చేసింది. "పాత మిషన్ కాగితాలే నమిలేదిరా, మనుషుల నిద్ర కాదు."

అవతల ఫ్యాక్స్ మిషన్ ఎత్తితేనే పేజీ పోతుంది కాబట్టి పేషెంట్ వివరాలేవీ బయటికి పోలేదు. అదే ఎవరో వ్యాపారి ఫ్యాక్స్ నంబర్ అయ్యుంటే? అది తలచుకుంటే రాత్రి నాక్కూడా నిద్ర పట్టలేదు. ఫ్యాక్స్ వెళ్ళకపోతే మళ్ళీ పంపొచ్చు, వేరే చోటికి వెళ్ళినదాన్ని వెనక్కి తెచ్చే దారే లేదు. నేనేమో మూడు వారాలూ వెళ్ళకపోవడం గురించే ఆలోచించాను.

బుధవారం

రెండు రాత్రులు కూర్చుని మార్చినవి. జాబితాలో ఉన్న నంబర్లకి మాత్రమే వెళ్తుంది. కొత్త నంబర్ చేర్చాలంటే ఫ్రంట్ డెస్క్ ఆవిడ ఆ ఆఫీసుకి ఫోన్ చేసి నంబర్ చదివి వినిపించాలి, ఆవిడ సరేనంటేనే చేరుతుంది, ఆవిడకీ అది నచ్చింది. అవతలి ఊరి టైమ్‌లో ఉదయం 8 నుంచి సాయంత్రం 6 మధ్యలోనే డయల్ చేస్తుంది, మిగతా వేళల్లో వచ్చినవి క్యూలో ఆగుతాయి. ఫోన్ ఎత్తి 35 సెకన్లలో ఫ్యాక్స్ కూత వినపడకపోతే మళ్ళీ చెయ్యదు, మనిషికి చెబుతుంది.

మన +1 కోడ్ అమెరికా ఒక్కదానిదే కాదు. 876 జమైకా, 809 డొమినికన్ రిపబ్లిక్, ఇంకా కరీబియన్‌లో చాలా దీవులు ఇదే కోడ్ కింద ఉన్నాయి. చూడ్డానికి మామూలు పదంకెల నంబరే, బిల్లు మాత్రం ఇంటర్నేషనల్. జాబితా పెట్టాక ఆ బాధ దానంతటదే పోయింది.

క్లినిక్ పేరు మీద ఎవరో బయటివాళ్ళు మెయిల్ పంపి మా లైన్ వాడుకోకుండా కూడా చూడాలి. 365 నుంచి మెయిల్ తెచ్చే ఐపీ అడ్రసులు మా ఒక్కళ్ళవి కావు, దాన్ని వాడే అందరివీ. అందుకని 365లోని మెయిల్ సర్వర్ ఎక్స్‌ఛేంజ్‌లో రూల్ పెట్టి, మా మెయిళ్ళకి ఒక రహస్య హెడర్ (మామూలుగా కనపడని లైన్) తగిలించి, అది లేని మెయిల్‌ని డెస్క్‌టాప్ తీసుకోకుండా పెట్టాను. డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేశాను.

ప్రతి పేజీ అంచునో, కనీసం మొదటి పేజీ మీదో తేదీ, టైమ్, పంపినవాళ్ళ పేరు, నంబర్ ఉండాలని ఇక్కడ రూలు ఉంది. ఆ లైన్ మొదటి నుంచీ పడుతోంది గానీ డెస్క్‌టాప్ గడియారం యూటీసీలో, అంటే గ్రీనిచ్ టైమ్‌లో ఉందని ఇవాళే చూశాను. అంటే అవతలి ఊరి సాయంత్రం ఆరు దాకా డయల్ చేస్తామా, కాలిఫోర్నియాలో ఆరంటే ఇక్కడ ఎనిమిది, వేసవిలో ఇక్కడ ఏడు దాటితే మనకి సోమవారం, ఆ గడియారంలో మంగళవారం. మొదటి వారంలో రాత్రి పంపిన టెస్టులన్నింటి మీదా మర్నాటి తేదీ ఉంది. అపీల్‌కి గడువు చివరి రోజున ఇలా పడితే ఏమయ్యేదో.

నాలుగో వారం, గురువారం

ఇప్పుడు ఫ్యాక్స్ వెళ్ళగానే పంపిన మెయిల్‌కే రిప్లైగా జవాబు వస్తుంది, అదే థ్రెడ్‌లో. ఎన్ని పేజీలు, ఎంతసేపు, అవతలి మిషన్ చెప్పుకున్న నంబర్. పేషెంట్ పేరు ఉండదు, జాబ్ నంబర్ మాత్రమే. కూకట్‌పల్లిలో స్కాన్ కోసం ఎదురుచూడటం ఆగిపోయింది. టీమ్ లీడ్ రాత్రి మూడింటికి "అన్నా, సూపర్" అని మెసేజ్ పెట్టాడు.

ఇవాళ పొద్దున ఒక ఇన్సూరెన్స్ వాళ్ళు మంగళవారం పంపిన అపీల్ అసలు అందలేదన్నారు. లాగ్ తీశాను. 11:42కి ఎత్తారు, ఆరు పేజీలు, ప్రతి పేజీ తర్వాతా అవతలి మోడెం 'అందింది' అని సంకేతం ఇచ్చింది, చివర్లో మా మోడెం పద్ధతిగా ఫోన్ పెట్టేసింది. ఫ్రంట్ డెస్క్ ఆవిడ స్పీకర్‌లో పెట్టి అదంతా చదివి వినిపించింది. అటువైపు కీబోర్డు చప్పుడు, కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "సరే, మళ్ళీ పంపండి." మూడు నిమిషాల్లో మళ్ళీ పంపాం.

ఫోన్ పెట్టేశాక ఆవిడ నావైపు తిరిగి, ఆ ఓకే కాగితం ప్రింటర్‌లో వచ్చేలా చెయ్యగలవా అని అడిగింది. మెయిల్‌లో వస్తోంది కదా అన్నాను. ఫైల్లో పెట్టుకోవాలి అంది. ఒక్క లైన్ పని, రాసేశాను. ఇప్పుడు ఫ్యాక్స్ వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ పక్కన ఉన్న ప్రింటర్ ఒక కాగితం కక్కుతుంది, ఆవిడ పిన్ను కొడుతుంది.

వచ్చే శనివారం: లోపలికి వచ్చే ఫ్యాక్సులు. పాత మిషన్ ఇంకా వాటికోసమే ఉంది, ఇవాళ కూడా రెండు నమిలింది, ఒకటి ల్యాబ్ రిపోర్టు, ఇంకోటి ఇంటి పైకప్పు బాగుచేస్తామని ప్రకటన.